మానితేనే వైద్యమా?

డ్రగ్స్ అలవాటున్న మనిషికి హెచ్‌ఐవీ కూడా ఉందని తెలిస్తే మన చుట్టూ వినపడే మాట దాదాపు ఒకేలా ఉంటుంది. "వాడి బుర్ర ఎప్పుడో పాడైపోయింది. మాత్రలిచ్చినా వేసుకోడు. ముందు ఆ అలవాటు మానమనండి, వైద్యం సంగతి తర్వాత చూద్దాం." బంధువులు అంటారు, చదువుకున్నవాళ్లు అంటారు, వైద్యవృత్తిలో ఉన్న కొందరూ అంటారు. ఈ మాటలో మూడు నమ్మకాలు కలిసిపోయి ఉన్నాయి. మెదడు తిరిగి బాగుపడనంతగా చెడిపోయిందని ఒకటి. అలాంటి మనిషి క్రమం తప్పకుండా మాత్రలు వేసుకోలేడని ఇంకొకటి. కాబట్టి అలవాటు మానడమే వైద్యానికి అర్హత అని మూడోది. మొదటి రెండూ పరిశోధనల ముందు నిలవవు. మూడోది ప్రాణాలు తీస్తుంది. దీన్ని ఎవరి అభిప్రాయం వారిదని వదిలేసే వీల్లేదు.

హెచ్‌ఐవీ రోగనిరోధక శక్తిని తినేసే జబ్బనీ, మెదడు మీదికి ఎప్పుడో చివరిదశలో వస్తుందనీ చాలామంది అనుకుంటారు. వైరస్ సోకిన తొలి రోజుల్లోనే గుర్తించిన మనుషుల మీద థాయిలాండ్‌లో జరిపి 2012లో ప్రచురించిన పరిశోధన వేరే సంగతి చెప్పింది. సోకిన 8 రోజులకే ఒకరి వెన్ను ద్రవంలో వైరస్ కనిపించింది. అంత తొందరగా మామూలు యాంటీబాడీ పరీక్ష చేస్తే పాజిటివ్ అని కూడా రాదు. రక్తానికీ మెదడుకూ మధ్య ఒక అడ్డుపొర ఉంటుంది. వైరస్ సోకిన తెల్లరక్తకణాలు ఆ పొరను దాటి లోపలికి వెళతాయి, వాటితోపాటే వైరస్సూ వెళుతుంది. లోపలికి చేరాక అది నాడీకణాల్లో దూరదు. మెదడును కాపాడే మైక్రోగ్లియా కణాల్లోనూ, రక్తనాళాల పక్కనుండే మాక్రోఫేజ్ కణాల్లోనూ తిష్ఠవేస్తుంది. రెచ్చిపోయిన ఆ కణాలు వదిలే రసాయనాలూ, టాట్, జీపీ120 అనే వైరస్ ప్రొటీన్లూ కలిసి చుట్టుపక్కల నాడీకణాల కొమ్మలను, వాటి మధ్య ఉన్న అతుకులను దెబ్బతీస్తాయి.

ఈ దెబ్బ మెదడంతటా ఒకేలా తగలదు. లోతట్టున స్ట్రయాటమ్ అనే భాగం ఉంది. దానికీ నుదుటి వెనుక భాగానికీ మధ్య సంకేతాలు నడిచే దారులున్నాయి. ఎక్కువ నష్టం అక్కడ. తలపెట్టిన పని మొదలుపెట్టడం, ఒక పని మధ్యలో ఆపి ఇంకో పనికి మారడం, కోరిక పుట్టినప్పుడు కాసేపు తమాయించుకోవడం, రాత్రి ఎనిమిదింటికి ఒక పని ఉందని గుర్తుంచుకుని సరిగ్గా ఆ వేళకు చెయ్యడం, ఇవన్నీ ఆ దారుల మీదే నడుస్తాయి.

ఇప్పుడు డ్రగ్స్ సంగతి. ఐస్, క్రిస్టల్ అని పిలిచే మెథాంఫెటమిన్, డోపమిన్ అనే మెదడు రసాయనంతో ముంచెత్తేది సరిగ్గా ఈ స్ట్రయాటమ్‌నే. డోపమిన్ ఎక్కువైతే హెచ్‌ఐవీ మాక్రోఫేజ్ కణాల్లోకి మరింత సులువుగా చొరబడుతుందని ప్రయోగశాలల్లో తేలింది. హెరాయిన్ వేరే దారిలో వస్తుంది. హెరాయిన్, మార్ఫిన్ లాంటి ఓపియాయిడ్లకు స్పందించే గ్రాహకాలు మైక్రోగ్లియా మీద కూడా ఉన్నాయి. మార్ఫిన్, టాట్ ప్రొటీన్ ఒకేసారి తగిలితే, విడివిడిగా తగిలినదానికంటే ఎక్కువ చేటు జరుగుతుందని కణాల మీద చేసిన ప్రయోగాలు చూపించాయి. మోతాదు మించి ఊపిరి మందగించినప్పుడు మెదడుకు ఆక్సిజన్ అందక జరిగే నష్టం దీనికి అదనం.

స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరాలో ఈ రెండు ఆపదలూ ఒకేసారి వచ్చిపడ్డాయి. 1980ల మొదట్లో ఆ నగరంలో హెరాయిన్ సూదులు విపరీతంగా పెరిగాయి. కఠినంగా ఉంటేనే దారికొస్తారని పోలీసులు సిరంజిలు లాక్కున్నారు, మందుల దుకాణాలు అమ్మడం ఆపేశాయి. అలవాటు ఆగలేదు. ఒకే సిరంజి పదిచేతులు మారింది. రాయ్ రాబర్ట్‌సన్ అనే డాక్టరు, ఆయన సహచరులు తమ క్లినిక్‌కు వచ్చే సూదిమందు వాడకందార్ల రక్తం పరీక్షిస్తే సగం మందికి వైరస్ ఉందని తేలింది. 1986లో ఆ ఫలితం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. గంట ప్రయాణం దూరంలో ఉన్న గ్లాస్గోలో హెరాయిన్ తక్కువేమీ కాదు, కానీ అక్కడ సిరంజిలు దొరికేవి, హెచ్‌ఐవీ అంతగా పాకలేదు. ఆ తర్వాతి సంవత్సరాల్లో ఎడిన్‌బరాలో చనిపోయినవాళ్ల మెదళ్లను జీన్ బెల్ అనే పాథాలజిస్టు బృందం ఏళ్ల తరబడి పరీక్షించింది. ఎయిడ్స్‌తో పోయినవాళ్లలో, సూదిమందు వాడినవాళ్ల మెదళ్లలో హెచ్‌ఐవీ వల్ల వచ్చే వాపు ఇతరులకంటే ఎక్కువగా కనిపించింది. వైరస్ లేకుండా డ్రగ్స్ మాత్రమే వాడి చనిపోయిన యువకుల్లో కూడా మైక్రోగ్లియా రేగి ఉంది. శిక్షతో మాన్పించాలని చూసిన నగరం చివరికి 1987 నుంచి శుభ్రమైన సూదులు పంచింది, తర్వాత హెరాయిన్‌కు బదులుగా మెథడోన్ అనే మందు ఇచ్చింది.

కాబట్టి నష్టం లేదని నేను అనడం లేదు. నష్టం ఉంది, రెండూ కలిస్తే ఇంకా ఎక్కువ ఉంది. నా వాదన అక్కడినుంచే మొదలవుతుంది. మాత్ర మరిచిపోయిన మనిషిని బాధ్యతలేనివాడని తిడుతున్నాం. వేళకు గుర్తొచ్చే శక్తినే ఈ జబ్బు దెబ్బతీస్తుంది. కోరికను తమాయించుకునే భాగం మీద అటు వైరస్, ఇటు డ్రగ్స్ పనిచేస్తుంటే, ముందు ఆ భాగంతోనే గెలిచి రా, ఆ తర్వాత దాన్ని కాపాడే మందు ఇస్తాం అంటున్నాం. ఎముక విరిగినవాణ్ని నడిచొస్తేనే కట్టు కడతామని ఏ ఆసుపత్రీ అనదు.

మెదడు పూర్తిగా పోయిందనే మొదటి నమ్మకాన్ని అంకెలతోనే పరీక్షిద్దాం. కాలిఫోర్నియాలోని శాన్ డియేగో పరిశోధకులు 2004లో నాలుగు గుంపుల మనుషుల జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, చురుకుదనం లాంటివి కొలిచారు. హెచ్‌ఐవీ గానీ మెథాంఫెటమిన్ అలవాటు గానీ లేనివాళ్లలో 18 శాతం మందికి లోపం కనిపించింది. హెచ్‌ఐవీ మాత్రమే ఉన్నవాళ్లలో 38, అలవాటు మాత్రమే ఉన్నవాళ్లలో 40, రెండూ ఉన్నవాళ్లలో 58 శాతం. ఈ 58ని భయపెట్టడానికి వాడేవాళ్లు మిగిలిన 42 మందిని చూడరు. రెండు ఆపదలూ ఉండి కూడా నూటికి 42 మంది ఆ పరీక్షల్లో నెగ్గారు. ఏ జబ్బూ లేనివాళ్లలో 18 మంది తప్పారు. ఎదుటి మనిషి చరిత్ర విని బుర్ర పాడైపోయిందని తీర్పు చెప్పే హక్కు ఈ అంకెలు ఎవరికీ ఇవ్వడం లేదు. లోపం ఉందో లేదో కూర్చోబెట్టి పరీక్షిస్తేనే తెలుస్తుంది.

ఉన్న లోపం ఎంతటిదన్నది ఇంకో ప్రశ్న. అమెరికాలో 1,555 మంది హెచ్‌ఐవీ రోగులను పరీక్షించిన చార్టర్ అధ్యయనం 2010లో వెలువడింది. సగానికి పైగా, 52 శాతం మందికి ఏదో ఒక లోపం ఉన్నట్టు అందులో తేలింది. ఆ లోపాల్లో ఎక్కువభాగం రోజువారీ జీవితానికి అడ్డురానంత స్వల్పం. బుద్ధి బాగా క్షీణించే స్థాయి డిమెన్షియా 2 శాతం మాత్రమే. హెచ్‌ఐవీని అదుపుచేసే మందుల చికిత్స, ఏఆర్‌టీ, రాకముందు 1980ల్లో న్యూయార్క్ డాక్టర్లు వర్ణించిన ఎయిడ్స్ డిమెన్షియాతో పోలిస్తే ఇది వేరే ప్రపంచం. పరీక్షలో తక్కువ మార్కులు వచ్చిన ప్రతి మనిషికీ వైరస్ మెదడును తినేసిందని ముద్ర వెయ్యడం తప్పనీ, చదువు, దిగులు, తాగుడు, పాత తలగాయాలు కూడా మార్కులను తగ్గిస్తాయనీ అంతర్జాతీయ నిపుణుల బృందం 2023లో గట్టిగా చెప్పింది.

చార్టర్‌లో ఇంకో ఫలితం ఉంది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. వైద్యం మొదలయ్యేలోపు రోగనిరోధక శక్తికి కీలకమైన సీడీ4 కణాలు ఎంత కిందికి పడిపోయాయన్నదాని మీద మెదడు నష్టం ఆధారపడి ఉంది. బాగా అడుగుకు పడినవాళ్లు తర్వాత మందులతో కోలుకున్నా, ఆ పాత పతనం మచ్చ మిగిలింది. అంటే ఆలస్యమే ఒక గాయం. మానాకే మందులు అని ఆరు నెలలు, ఏడాది గడిపితే సీడీ4 పడిపోతూ ఉంటుంది. చివరికి ఆ మనిషి మరింత మతిమరుపుతో వస్తే, చూశారా, మేం ముందే చెప్పాం అంటారు. ఆ మతిమరుపులో వాళ్లు పెట్టిన షరతుకూ వాటా ఉంది.

అమెరికాలో 1987లో ఒక ప్రకటన వచ్చింది. వేడి పెనంలో గుడ్డు పగలగొట్టి, డ్రగ్స్ తీసుకున్న నీ మెదడు ఇదీ అని చూపించారు. ప్రపంచమంతా ఆ బొమ్మను నమ్మింది. వేగిన గుడ్డు మళ్లీ పచ్చిగుడ్డు కాదు కదా. కానీ మెదడు గుడ్డులా ప్రవర్తించలేదు. నోరా వోల్కోవ్ అనే పరిశోధకురాలి బృందం 2001లో మెథాంఫెటమిన్ వాడి మానేసినవాళ్ల మెదళ్లను స్కాన్ చేసింది. డోపమిన్‌ను తిరిగి కణాల్లోకి చేర్చే ట్రాన్స్‌పోర్టర్లు తగ్గిపోయి ఉన్నా, అవి ఏడాది, ఏడాదిన్నర దూరంగా ఉన్నాక చెప్పుకోదగినంతగా తిరిగి పెరిగాయి. జ్ఞాపకశక్తి, చేతివేగం అదే మేరకు కోలుకోలేదు, అది కూడా అదే పరిశోధన చెప్పింది. కోలుకోవడం పాక్షికం, నిదానం. అయినా అది ఉంది. లేదని చెప్పడం అబద్ధం. ఏడాదిపాటు ఊపిరి బిగబట్టి ప్రయత్నిస్తున్న కుర్రాడి చెవిలో ఆ అబద్ధం పడితే ఏమవుతుందో తల్లిదండ్రులు ఆలోచించాలి.

మెదడు బాగుపడుతుందని చెబితే పిల్లలకు ధైర్యం వచ్చి డ్రగ్స్ మొదలుపెడతారని కొందరు ఆందోళన పడతారు. ఆ ఆందోళనలో ప్రేమ ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయను. కానీ భయం మొదట చేసే పని పరీక్షకు వెళ్లనివ్వకపోవడం. ఎలాగూ అంతా అయిపోయిందనుకున్న మనిషి హెచ్‌ఐవీ పరీక్ష చేసే ఐసీటీసీ కేంద్రం గడప ఎక్కడు. ఎక్కనంతకాలం వైరస్ మెదడులో పని చేసుకుపోతూనే ఉంటుంది.

రెండో నమ్మకం, వీళ్లు మాత్రలు వేసుకోరన్నది. పాతికేళ్ల కింద ఇదే మాట ఇంకొకరి గురించి అన్నారు. ఆఫ్రికాలో చాలామందికి గడియారం చూసే అలవాటు లేదు, వేళకు మాత్రలు వేసుకోలేరు, వాళ్లకు ఏఆర్‌టీ ఇచ్చి లాభం లేదన్నట్టుగా 2001లో అమెరికా విదేశీ సహాయ సంస్థ అధిపతి ఆండ్రూ నాట్సియోస్ మాట్లాడాడు. ఐదేళ్లకు, 2006లో, పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కేస్తే ఆఫ్రికాలో 77 శాతం మంది సరిగ్గా వేసుకుంటున్నారు, ఉత్తర అమెరికాలో 55 శాతం మంది. వేళ తెలియనిది ఎవరికో ప్రపంచం చూసింది. ఆలోపు మందు అందక పోయిన ప్రాణాలు తిరిగి రాలేదు.

డ్రగ్స్ వాడేవాళ్ల విషయంలోనూ లెక్కలున్నాయి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో వైద్యం ఉచితం. అక్కడ కొత్తగా ఏఆర్‌టీ మొదలుపెట్టిన 3,116 మందిని గమనించి 2008లో ఫలితం ప్రచురించారు. ఏడేళ్లలో సూదిమందు వాడేవాళ్లలో 26.5 శాతం, వాడనివాళ్లలో 21.6 శాతం చనిపోయారు. గణాంకాల ప్రకారం ఇది చెప్పుకోదగ్గ తేడా కాదు. ఇండోనేషియా, ఉక్రెయిన్, వియత్నాంలలో జరిగిన ఇంకో పరిశోధన 2018లో వచ్చింది. సూదిమందు మానమని షరతు పెట్టకుండా, ఆసుపత్రి పనుల్లో చెయ్యిపట్టుకు నడిపించే మనిషిని, ఒక కౌన్సెలర్‌ను తోడిచ్చారు. ఏడాదికి ఆ తోడున్నవాళ్లలో 41 శాతం మందికి వైరస్ అదుపులోకి వచ్చింది, లేనివాళ్లలో 24 శాతం మందికి. మరణాలు సగానికి తగ్గాయి. 41 శాతం గొప్ప అంకె కాదు. అయినా అక్కడ మారింది రోగుల మెదడు కాదు, వాళ్లతో ఆసుపత్రి మెలిగిన తీరు.

మూడోదైన షరతు దగ్గరికి వస్తే నాకు కోపం ఆగదు. ఒక్కసారిగా మానెయ్యమనడం వైద్యపరంగానే ప్రమాదకరం కావచ్చు. ఇది తెలంగాణకు తెలియని సంగతి కాదు. డయాజెపామ్, అల్ప్రాజోలామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లు తాగి అలవాటుపడ్డవాళ్లు, అది దొరకని రోజున ఎలా అయిపోతారో పల్లెల్లో అందరూ చూశారు. ఫిట్స్ వస్తాయి, పిచ్చిగా మాట్లాడతారు, మనుషుల్ని గుర్తుపట్టరు. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్‌తో కల్లు, మద్యం దుకాణాలు మూతబడ్డప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇలాంటివాళ్లు పోటెత్తారు. వాళ్లలో ఎవరూ సంకల్పబలం లేక ఆసుపత్రి పాలు కాలేదు. మెదడు ఆ రసాయనానికి అలవాటుపడి తన పని తీరునే మార్చుకుంది. దాన్ని డాక్టరు సమక్షంలో, మోతాదు తగ్గిస్తూ, మందులతో దించాలి.

హెరాయిన్‌కు అలాంటి మందులున్నాయి. బ్యూప్రినార్ఫిన్, మెథడోన్. ఒక మత్తు పోయి ఇంకో మత్తు వచ్చింది కదా అని వీటిని ఈసడించేవాళ్లు మన దగ్గర ఎక్కువ. సరైన మోతాదులో ఇస్తే ఇవి మైకం ఎక్కించవు. ఒళ్లు నొప్పులు, వణుకు, వెంపర్లాట లేకుండా రోజు గడిచేలా చేస్తాయి. ఆ రోజులో మాత్ర వేసుకోవడానికి చోటు దొరుకుతుంది. ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కలిపి 2016లో చేసిన విశ్లేషణలో, ఈ చికిత్స పొందుతున్నవాళ్లు ఏఆర్‌టీలో చేరడం 69 శాతం పెరిగింది, మాత్రలు సక్రమంగా వేసుకునే అవకాశం రెట్టింపయింది.

ఇక్కడ వైద్యులు కూడా గట్టిగా వినాల్సిన సంగతి ఒకటుంది. కొన్నేళ్ల కిందటి వరకు మన దేశంలో మొదటివరస ఏఆర్‌టీలో ఎఫావిరెంజ్ ఉండేది, అంతకుముందు నెవిరపిన్. ఈ రెండూ కాలేయంలోని ఎంజైములను రెచ్చగొట్టి రక్తంలో మెథడోన్‌ను తగ్గించేస్తాయి. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ ఇంకా గట్టిగా తగ్గిస్తుంది, బ్యూప్రినార్ఫిన్‌ను కూడా వదలదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు మన దేశంలో తరచుగా వచ్చే పెద్ద జబ్బు టీబీయే. ఇప్పుడు జరిగేది ఊహించండి. బుద్ధిగా మెథడోన్ మీద నిలకడగా ఉన్న మనిషికి టీబీ మాత్రలు మొదలవుతాయి. వారం పది రోజుల్లో ముక్కు కారుతుంది, కడుపులో మెలిపెడుతుంది, నిద్ర పట్టదు. కొత్త మాత్రల వల్లే ఇదంతా అని అతనికి తెలుసు, నిజం కూడా అదే. మాత్రలు మానేస్తాడు, లేదా నొప్పి తట్టుకోలేక హెరాయిన్ దగ్గరికి పోతాడు. కేసు కాగితం మీద "సహకరించలేదు" అని రాస్తారు. మెథడోన్ మోతాదు పెంచి ఉంటే సరిపోయేది. ఎఫావిరెంజ్ సొంతంగా కూడా తలతిరుగుడు, పీడకలలు, దిగులు తెచ్చేది. ఆ రోజుల్లో ఎంతమంది బుర్ర పాడైందని తిట్లు తిన్నారో, అందులో మాత్ర చేసినది ఎంతో లెక్కతీసే వీలు లేదు. ఇప్పుడు డోలుటెగ్రావిర్ కలిసిన ఒక్క మాత్ర రోజుకోసారి చాలు, మెథడోన్‌తో పెద్దగా గొడవపడదు. టీబీ మందుల చిక్కు మాత్రం అలాగే ఉంది.

దేశంలో పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ 0.2 శాతం. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 2021 సర్వేలో సూదిమందు వాడేవాళ్లలో 9.03 శాతం. ఈ అంకెలో ఎక్కువ భారం మణిపూర్, మిజోరం, పంజాబ్ లాంటి రాష్ట్రాలది. ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్ 1న మొదలైంది; అప్పట్లో సీడీ4 బాగా పడితేనే ఇచ్చేవాళ్లు. 2017 నుంచి పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ ఇవ్వాలన్నది ప్రభుత్వ విధానం. డ్రగ్స్ మానినవారికి మాత్రమే అని అందులో లేదు. చికిత్సకు తనంతట తాను ముందుకొచ్చిన వాడకందారుకు కేసు నుంచి రక్షణ ఇచ్చే 64ఏ సెక్షన్ మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలో ఉంది. సూదుల పంపిణీ లాంటి కార్యక్రమాలను నేరంగా చూడరాదని 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది. చట్టం, శాస్త్రం ఒకవైపు నిలబడ్డాయి. మన నోటిమాట ఇంకోవైపు ఉంది.

తెలుగు నేల మీద పరిస్థితి కొంత వేరు. ఈశాన్య రాష్ట్రాల తర్వాత హెచ్‌ఐవీ శాతం ఎక్కువగా ఉన్నవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే, కానీ ఇక్కడ సూదిమందు కంటే తాగుడు, గంజాయి, కల్తీ కల్లు ఎక్కువ. షరతు మాత్రం మారలేదు, వేషం మార్చుకుంది: తాగిన రోజు మాత్ర వేసుకోకూడదు, రెండూ కలిస్తే విషం. ఈ నమ్మకం మనకే పరిమితం కాదు, అమెరికాలో కూడా తాగిన రోజున కావాలని మాత్ర ఎగ్గొట్టేవాళ్లు ఉన్నారని సేత్ కాలిచ్‌మన్ అనే పరిశోధకుడి అధ్యయనాలు చూపించాయి. వారానికి మూడు రోజులు తాగే మనిషి ఇలా మూడు మాత్రలు మానేస్తే వైరస్ మళ్లీ తలెత్తుతుంది, మందుకు లొంగని రకంగా మారే అవకాశం పెరుగుతుంది. తాగుడు వల్ల కాలేయానికీ మెదడుకూ వేరే చేటు జరుగుతుంది, దానికి వేరే వైద్యం కావాలి, తగ్గించమని మళ్లీ మళ్లీ చెప్పాలి. అయితే ఏఆర్‌టీ సెంటర్‌లో కౌన్సెలర్ ఆ మనిషికీ, పక్కన కూర్చున్న భార్యకో తల్లికో వినపడేలా చెప్పాల్సిన ముక్క ఇంకొకటి ఉంది: నిన్న తాగినా, ఈరోజు తాగి ఉన్నా, ఈ రాత్రి మాత్ర మానొద్దు.